పాకుడు కాదు, దాని పట్టు కొలవాలి: సమాంతర పలకల ఫ్లో ఛాంబర్ సెట్టుపై సమీక్ష

క్యాథెటర్, ఇంప్లాంట్ లాంటి పదార్థాల ముక్క మీదుగా నీళ్లు పారించి, దానికి పట్టిన బ్యాక్టీరియా (మన పాకుడు) ఎంత గట్టిగా అంటుకుందో చూసే సెట్టు ఇది. ముందే తేల్చి చెప్పేస్తే, ఈ సెట్టు కొనదగ్గదే. ఛాంబర్ దిమ్మె బాగుంది, పైన అద్దపు కిటికీ బాగుంది. దానితోపాటు వచ్చే మెత్తటి సిలికాన్ గ్యాస్కెట్‌నీ (రెండు పలకల మధ్య నీళ్లు కారకుండా పెట్టే పల్చటి పట్టీ) సన్న గొట్టాలనీ మాత్రం మొదటి రోజే పక్కన పెట్టేయాలి. ఆ రెండూ మార్చకుండా తీసిన రీడింగులు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ, అసలు విలువకు సగానికి సగం తేడాగా ఉండొచ్చు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ తేడా ఎక్కణ్నించి వస్తుందో చెప్పడానికే.

కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం వైపు మెడికల్ కాలేజీల మైక్రోబయాలజీ విభాగాల్లో, భీమవరం చుట్టుపక్కల ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీల్లో క్యాథెటర్ల మీద, ఇంప్లాంట్ పూతల మీద ప్రాజెక్టులు చేసేవాళ్లు చాలామంది క్రిస్టల్ వయొలెట్ ప్లేటు (పట్టిన పొరకు ఊదా రంగు వేసి ఎంతుందో చూసే పరీక్ష) దగ్గరే ఆగిపోతారు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్న మాటలివి.

ప్లేటు చెప్పేదేంటి, చెప్పనిదేంటి

96 గుంటల ప్లేటు పద్ధతి 1985లో క్రిస్టెన్‌సెన్ బృందం ప్రచురించినప్పటి నుంచీ వాడుకలో ఉంది. గుంటకు 200 మైక్రోలీటర్ల కల్చర్, 37 డిగ్రీల దగ్గర 24 గంటలు, మూడుసార్లు కడుగుడు, ఆరబెట్టి 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్ 15 నిమిషాలు, మళ్లీ కడుగుడు, 33 శాతం ఎసిటిక్ యాసిడ్‌తో రంగు కరిగించి 570 నుంచి 595 నానోమీటర్ల మధ్య రీడింగు. ఖాళీ గుంటల సగటుకు మూడు ప్రామాణిక విచలనాలు కలిపితే హద్దు రీడింగు వస్తుంది. దానికి రెట్టింపు వరకు ఉంటే బలహీనం, నాలుగు రెట్ల వరకు మధ్యస్థం, ఆపైన బలమైన పొర. ఇది ఎంత పాకుడు పట్టిందో చెబుతుంది. ఎంత గట్టిగా పట్టిందో చెప్పదు.

రేవులో దిగేవాళ్లకి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. దళసరిగా పచ్చగా కనిపించే పాకుడు చెంబుడు నీళ్లు పోస్తే జారిపోవచ్చు. రాయి రంగులోనే కలిసిపోయిన పల్చటి జిడ్డు పొర కొబ్బరి పీచుతో రుద్దినా వదలకపోవచ్చు. జారిపడేది ఎక్కువగా ఆ రెండోదాని మీదే.

ప్లేటు పద్ధతిలో అసలు చిక్కు ఆ కడుగుడులోనే ఉంది. ఒకరు పిపెట్‌తో మెల్లగా గోడ మీంచి పోస్తారు, ఇంకొకరు ప్లేటు బోర్లించి దులుపుతారు. బోర్లించినప్పుడు నీటి అంచు ప్రతి బ్యాక్టీరియా మీదుగా జారుకుంటూ పోతుంది. అర మైక్రాన్ వ్యాసార్ధం ఉన్న కణం మీద ఆ అంచు లాగే బలం లెక్కేస్తే గరిష్ఠంగా 200 నానోన్యూటన్ల దాకా వస్తుంది. ప్రవాహంలో దాని మీద పడే బలమైతే పికోన్యూటన్లలోనే ఉంటుంది. అంటే కడుగుడు అనుకుంటున్నది నిజానికి చాలా మొరటు పీకుడు. దాన్ని తట్టుకుని మిగిలినవాటినే మనం ‘అంటుకున్నవి’ అని లెక్కపెడుతున్నాం. ఇద్దరు విద్యార్థులకు రెండు రకాల అంకెలు రావడానికి కారణం ఇదే. పైగా సిలికాన్ లాంటి ముక్కల మీద రంగు ఆ ముక్కకే పట్టేస్తుంది, బ్యాక్టీరియా లేని ముక్కను కూడా రంగువేసి ఆ రీడింగు తీసేయకపోతే అంతా గందరగోళం.

ఇంకో పొరపాటు కూడా తరచుగా కనిపిస్తుంది. ఐఎస్ఓ 22196 రిపోర్టు చూపించి ‘మా పూతకు బ్యాక్టీరియా అంటదు’ అనేస్తుంటారు. ఆ పరీక్షలో 50 మి.మీ. చదరపు ముక్క మీద 0.4 మి.లీ. కల్చర్ వేసి, పైన పల్చటి ఫిల్మ్ కప్పి, 35 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, ఎన్ని బతికాయో చూస్తారు. అది చంపే శక్తికి పరీక్ష. అంటుకోవడానికీ దానికీ నేరుగా సంబంధం లేదు. చచ్చిన బ్యాక్టీరియా కూడా అంటుకునే ఉండొచ్చు, తర్వాత వచ్చేవాటికి అదే పీట వేస్తుంది.

సెట్టులో ఏముంది

రెండు పలకలు, మధ్యలో సన్నటి సందు. కింది పలకలో స్లైడు సైజు, అంటే 76 × 26 మి.మీ. ముక్క కూర్చునే గాడి. పైన 24 × 60 మి.మీ. కవర్‌స్లిప్ కిటికీ. మధ్యలో 0.25 మి.మీ. గ్యాస్కెట్, దాన్లో 10 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. పొడవున కోసిన దారి. ఆరు స్క్రూలు, రెండు లూయర్ కనెక్షన్లు (సిరింజి కొన బిగుసుకునే రకం), 1.6 మి.మీ. లోపలి వ్యాసం గొట్టం, బుడగలను పట్టి ఆపే బుడ్డి ఒకటి. పంపు విడిగా కొనాలి. ఈ తరహా సెట్లు ఎవరు చేసినా కొలతలు కాస్త అటూఇటూగా ఇలాగే ఉంటాయి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో బుషర్, వాన్ డెర్ మే బృందం వైద్య పదార్థాల మీద బ్యాక్టీరియా పట్టును చూసే పనిలో ఏళ్ల తరబడి నమ్ముకున్నది కూడా ఈ పద్ధతినే.

కిటికీకి కవర్‌స్లిప్ ఇవ్వడం తయారీదారు చేసిన మంచి పని. కవర్‌స్లిప్ 0.17 మి.మీ., దాని కింద సందు 0.25 మి.మీ., మొత్తం 0.42 మి.మీ. మన ల్యాబుల్లో ఉండే మామూలు 40ఎక్స్ లెన్సు పని దూరం సుమారు 0.6 మి.మీ., కాబట్టి కింది ముక్క వరకు ఫోకస్ అందుతుంది. 100ఎక్స్ ఆయిల్ లెన్సు పని దూరం 0.2 మి.మీ. లోపే, అది అందదు, ప్రయత్నిస్తే కవర్‌స్లిప్ పగులుతుంది. కొన్ని చవక సెట్లలో కిటికీకి 1 మి.మీ. స్లైడు వేస్తారు. దానితో 40ఎక్స్ అసలు పనికిరాదు, దూరం నుంచి చూసే ప్రత్యేక లెన్సు కొనాల్సి వస్తుంది. కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

దిమ్మె ఏ ప్లాస్టిక్కో కూడా అడగండి. పాలికార్బొనేట్ అయితే 121 డిగ్రీల ఆటోక్లేవ్ కొన్నాళ్లపాటు తట్టుకుంటుంది, తర్వాత మెల్లగా మసకబారుతుంది. యాక్రిలిక్ అయితే ఆటోక్లేవ్‌లో వంకర పోతుంది. స్పిరిట్‌తో తుడిస్తే స్క్రూ రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలో దాక్కున్న బ్యాక్టీరియా మర్నాటి ప్రయోగంలోకి వస్తుంది.

కోత లెక్క

గట్టును నది కోసేసినట్టే, ప్రవాహం ముక్క ఉపరితలాన్ని తాకుతూ పోయేటప్పుడు అక్కడున్నవాటిని లాగుతుంది. దాన్నే షియర్ స్ట్రెస్ అంటారు, ఇక్కడ కోత ఒత్తిడి అందాం. లెక్క సులువు: కోత ఒత్తిడి = 6 × చిక్కదనం × ప్రవాహం ÷ (వెడల్పు × సందు ఎత్తు × సందు ఎత్తు).

పై కొలతలకు, 37 డిగ్రీల దగ్గర, నిమిషానికి 1 మి.లీ. పారిస్తే కోత ఒత్తిడి 0.11 పాస్కల్. 10 మి.లీ.కి 1.1 పాస్కల్, 100 మి.లీ.కి 11 పాస్కల్. నిమిషానికి 100 మి.లీ. దగ్గర కూడా రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం సాఫీగా ఉందో, సుడులు తిరుగుతుందో చెప్పే అంకె) 500 దాటదు, సుడులు రావు, కాబట్టి లెక్క చెల్లుతుంది. పోల్చుకోవడానికి: సిరల గోడల మీద కోత ఒత్తిడి 0.1 నుంచి 0.6 పాస్కల్, ధమనుల్లో 1 నుంచి 7. రోజుకు లీటరున్నర మూత్రం అంటే నిమిషానికి దాదాపు 1 మి.లీ. అది 3 మి.మీ. దారిలో పోతే గోడ మీద కోత 0.004 పాస్కల్ మాత్రమే. మూత్రపు గొట్టాల్లో పాకుడు అంత సులువుగా ఎందుకు పేరుకుంటుందో ఈ ఒక్క అంకె చాలావరకు చెబుతుంది. లోపల నీళ్లు పారడం లేదు, దాదాపు నిలిచి ఉన్నాయి.

ఇప్పుడు గ్యాస్కెట్ దగ్గరకు వద్దాం. లెక్కలో సందు ఎత్తు రెండుసార్లు గుణించబడి కింద కూర్చుంది. మెత్తటి సిలికాన్ గ్యాస్కెట్‌ను కారకుండా ఉండాలని కాస్త గట్టిగా బిగిస్తే 0.25 మి.మీ. కాస్తా 0.20 అవుతుంది. కంటికి ఏమీ తెలియదు. కోత ఒత్తిడి మాత్రం 56 శాతం పెరిగిపోతుంది. నిన్న బిగించినవారు ఒకరు, ఇవాళ బిగించినవారు ఇంకొకరు అయితే, నిన్నటి టైటానియానికీ ఇవాళ్టి సిలికాన్‌కూ మధ్య కనిపించే తేడా పదార్థానిది కాదు, స్క్రూడ్రైవర్‌ది.

ఒక వైపు స్క్రూలు ముందు బిగిస్తే సందు ఏటవాలుగా వస్తుంది. ఒక అంచున 0.22, రెండో అంచున 0.27 ఉందనుకోండి. సన్నటి వైపే కోత ఎక్కువని చాలామంది అనుకుంటారు, కానీ అది తలకిందుల లెక్క. రెండు అంచులకీ వెనక నుంచి తోసే ఒత్తిడి ఒక్కటే కాబట్టి నీళ్లు వెడల్పు సందులోంచే దూకుతాయి, కోత కూడా ఆ వైపే 23 శాతం ఎక్కువ. ఒకే ముక్క మీద ఎడమ పక్క బ్యాక్టీరియా నిలిచి, కుడి పక్క కొట్టుకుపోయి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మందు సులువే. సిలికాన్ బదులు 0.25 మి.మీ. గట్టి పాలియెస్టర్ షీటును అదే దారి ఆకారంలో కోయించుకోండి, దానికి రెండు వైపులా అతి పల్చగా వాక్యూమ్ గ్రీజు. గ్రీజు దారిలోకి రాకూడదు, అంచుకు 2 మి.మీ. ఎడంగానే ఆపేయండి. స్క్రూలు ఎదురెదురుగా, ఒక్కోటి పావు తిప్పు చొప్పున బిగించండి.

బిగించాక సందు కొలవండి. ఇది రెండు రకాలుగా చేయొచ్చు. మొదటిది తూకం: ఖాళీ ఛాంబర్ తూచి, నింపి, మళ్లీ తూచాలి. 50 × 10 × 0.25 మి.మీ. దారిలో 125 మి.గ్రా. నీళ్లు పడతాయి. 100 మాత్రమే పట్టాయంటే సందు 0.20కి నలిగిందన్నమాట. కనెక్షన్లలో ఉండే నీళ్లు ముందే తెలిసి ఉండాలి, లేకపోతే ఆ తూకం మోసం చేస్తుంది. రెండోది మైక్రోస్కోపు: కిటికీ లోపలి ముఖం మీద, ముక్క ముఖం మీద సన్నటి మార్కర్ చుక్క పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి ఫైన్ ఫోకస్ చక్రం ఎన్ని గీతలు తిరిగిందో లెక్కపెట్టడం. చక్రం మీద ఒక గీత ఎన్ని మైక్రాన్లో మైక్రోస్కోపు మాన్యువల్‌లో ఉంటుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఛాంబర్‌లో నీళ్లుండగా కొలిస్తే 0.25 మి.మీ. సందు 0.188గా కనిపిస్తుంది. బావి లోతు పైనుంచి తక్కువగా కనిపించడం లాంటిదే ఇది, నీటి వక్రీభవన గుణకం 1.33తో గుణిస్తే సరైన విలువ వస్తుంది. సందు నలిగిపోయిందని కంగారుపడి గ్యాస్కెట్ మార్చేసేవాళ్లు ఉన్నారు. పొడిగా ఉండగానే కొలిస్తే ఏ గుణకమూ అక్కర్లేదు.

పంపు కొనకండి, సీసా వేలాడదీయండి

తయారీదారు సిరింజి పంపు సిఫారసు చేస్తారు. అంటించే దశకు అది సరిపోతుంది, పీకే దశకు చాలదు. నిమిషానికి 1, 2, 5, 10, 20, 50, 100 మి.లీ. చొప్పున ఒక్కో మెట్టు 5 నిమిషాలు నడిపితే మొత్తం 940 మి.లీ. బఫర్ కావాలి. 60 మి.లీ. సిరింజి 100 మి.లీ. వేగంలో నిమిషం కూడా రాదు. పెరిస్టాల్టిక్ పంపు అయితే రోలరు తిరిగిన ప్రతిసారీ ప్రవాహం ఎగిరి పడుతుంది. సగటు 5 పాస్కల్ అని మనం రాసుకుంటాం, బ్యాక్టీరియా మీద పడేది మాత్రం ఆ శిఖరం.

డెల్టాలో నీళ్లను పైనుంచి వదిలి పారించడం కొత్త విద్యేమీ కాదు. 100 మి.లీ. వేగంలో ఈ ఛాంబర్‌కు కావాల్సిన ఎత్తు లెక్కేస్తే 45 సెం.మీ. నీటి మట్టం. సెట్టుతో వచ్చే 1.6 మి.మీ. గొట్టం ఒక్క మీటరే ఇంకో 73 సెం.మీ. మింగేస్తుంది. అదే 3 మి.మీ. గొట్టం వేస్తే 6 సెం.మీ.తో సరి. కాబట్టి గొట్టం మార్చి, సీసాను సెలైన్ స్టాండుకు మీటరు పైన వేలాడదీస్తే చాలు, పంపు అవసరం లేదు. మట్టం తగ్గేకొద్దీ వేగం తగ్గకుండా మారియోట్ సీసా పెట్టండి: గాలి చొరబడని బిరడా, దాన్లోంచి సీసా అడుగు దాకా ఒక గాజు గొట్టం. సీసాలో నీళ్లు ఎంతున్నా ఆ గాజు గొట్టం కింది కొన దగ్గరే మట్టం ఉన్నట్టు పనిచేస్తుంది. బయటికొచ్చే నీటిని నిమిషం పాటు బీకరులో పట్టి తూచండి. గ్రాములే మి.లీ.లు. పంపు డయల్ మీద రాసి ఉన్న అంకె కంటే ఈ తూకం నమ్మకమైంది. కరెంటు పోయినా ప్రయోగం ఆగదు, ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఇది చిన్న లాభం కాదు.

ఎండాకాలం ఇంకో లెక్క కూడా మారుస్తుంది. నీటి చిక్కదనం 25 డిగ్రీల దగ్గర 0.89 మిల్లీపాస్కల్ సెకన్లు, 30 దగ్గర 0.80, 35 దగ్గర 0.72, 37 దగ్గర 0.69. ఏసీ వేసిన ఉదయానికీ, ఏసీ ఆగిన మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా ఉంటే అదే ప్రవాహానికి కోత ఒత్తిడి 19 శాతం తగ్గుతుంది. బయటికొచ్చే నీటిలో థర్మామీటరు పెట్టి ప్రతి మెట్టుకూ ఉష్ణోగ్రత రాసుకోవాలి.

నడిపే పద్ధతి

బఫర్ పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం), లీటరుకు సోడియం క్లోరైడ్ 8 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.2 గ్రా., డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.44 గ్రా., పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.24 గ్రా., పీహెచ్ 7.4. నీళ్లు డీఅయనైజ్డ్ అయి ఉండాలి. కాలువలు కట్టేసి చెరువు నీళ్లు, బోరు నీళ్లు వాడే నెలల్లో ప్లాంటు నుంచి వచ్చే నీళ్లకు కండక్టివిటీ చూడకుండా వాడొద్దు. కాల్షియం బ్యాక్టీరియాకూ ఉపరితలానికీ మధ్య వంతెనలా పనిచేస్తుంది, పట్టు పెరిగినట్టు కనిపిస్తుంది. ముక్కను చివరిసారి కుళాయి నీళ్లతో కడగడం కూడా ఇదే తప్పు.

స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అయితే పొర గట్టిగా కట్టే ఏటీసీసీ (బ్యాక్టీరియా రకాలను భద్రపరిచి ఇచ్చే సంస్థ) 35984, పోలికకు పొర కట్టని 12228, ఈ రెండూ పెట్టుకుంటే పరికరం పనిచేస్తుందో లేదో ముందే తెలిసిపోతుంది. పొర కట్టేదానికీ కట్టనిదానికీ తేడా చూపించలేని సెటప్పు రెండు పూతల మధ్య తేడా చూపించలేదు. ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో రాత్రంతా పెంచి, రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి పీబీఎస్‌లో కడిగి, ద్రాక్ష గుత్తుల్లాంటి ముద్దలు విడిపోయేలా స్వల్పంగా సోనికేట్ చేసి (శబ్ద తరంగాలతో కదిలించి), 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రవం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) మసక తేవాలి. అంటే మి.లీ.కి రమారమి 15 కోట్ల కణాలు. ముద్దలు విడదీయకపోతే ఒకటి అంటుకుంటే ఇరవై అంటుకున్నట్టు లెక్క వస్తుంది.

నింపేటప్పుడు నీళ్లు బయటికెళ్లే కొన పైకి వచ్చేలా ఛాంబర్‌ను వంచి, పీబీఎస్ మెల్లగా ఎక్కించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన బఫర్ నేరుగా వాడితే వేడెక్కేకొద్దీ కరిగిన గాలి బుడగలై ఛాంబర్‌లోనే బయటపడుతుంది. ముందురోజే సీసాను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో మూత వదులుగా పెట్టి ఉంచాలి. ఒక్క బుడగ దారిలోంచి జారుకుంటూ పోతే, అది పోయినంత మేర చీపురుతో ఊడ్చినట్టు బాట పడుతుంది. పైన ప్లేటు దగ్గర చెప్పిన నీటి అంచే ఇదీ. 11 పాస్కల్ కోతలో ఒక కణం మీద పడేది 90 పికోన్యూటన్లయితే, బుడగ అంచు బలం దానికి వెయ్యి రెట్లకు పైమాటే. బుడగ పోయిన ప్రయోగాన్ని అక్కడితో ఆపేయాలి, మిగిలిన భాగం వాడుకుందాం అనుకోవద్దు.

తర్వాత నిమిషానికి 0.1 మి.లీ. వేగంతో బ్యాక్టీరియా ద్రవం 30 నిమిషాలు. దారి మధ్యలో ఒకే చోట నిమిషానికో ఫొటో. ఎన్ని నిమిషాల్లో ఎన్ని చేరాయో గీత గీస్తే మొదటి వాలే అంటుకునే వేగం. ఆపైన అదే వేగంతో శుద్ధ బఫర్ 10 నిమిషాలు, తేలుతున్నవి పోవడానికి. అప్పుడు మెట్లు మొదలు. ప్రతి మెట్టు చివర కనీసం 20 చోట్ల ఫొటోలు, ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో లెక్క, మొదట ఉన్నవాటిలో ఎంత శాతం మిగిలాయో రాయాలి. సగం ఊడిపోయే కోత ఒత్తిడే ఆ పదార్థం మీద ఆ బ్యాక్టీరియా పట్టు. అంటుకున్నవాటి సంఖ్య కంటే ఈ ఒక్క విలువ కోసమే సెట్టు కొనడం.

అంటించే సమయం ఎప్పుడూ మార్చకండి. బ్యాక్టీరియా తాకిన తర్వాత మొదటి రెండు మూడు నిమిషాల్లోనే పట్టు బాగా బిగుస్తుంది. ఒక ముక్కకు 30 నిమిషాలు, ఇంకో ముక్కకు 40 నిమిషాలు ఇచ్చి పోల్చడం కుదరదు.

100 మి.లీ. మెట్టు దగ్గర కూడా సగానికి పైగా మిగిలిపోతే సందు సగం చేద్దామని అనిపిస్తుంది. అలా చేస్తే కోత నాలుగింతలవుతుంది గానీ కావాల్సిన ఒత్తిడి ఎనిమిదింతలై మూడున్నర మీటర్ల పైన సీసా పెట్టాల్సి వస్తుంది, గ్యాస్కెట్ కారడం మొదలెడుతుంది. దాని బదులు దారి వెడల్పు 5 మి.మీ.కి తగ్గించిన షీటు వేయండి. కోత రెట్టింపై 22 పాస్కల్ అవుతుంది, ఎత్తు 90 సెం.మీ. దగ్గరే ఆగుతుంది.

టైటానియం వెలుతురు దాటనివ్వదు, మసక సిలికాన్ సరిగ్గా దాటనివ్వదు, అందుకని పైనుంచి వెలుగు పడే ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు ఉండాలి. పారదర్శక ప్లాస్టిక్ అయితే రంగేమీ లేకుండా ఫేజ్ కాంట్రాస్ట్ (రంగు వేయని కణాలను కూడా స్పష్టంగా చూపించే మైక్రోస్కోపు పద్ధతి) చాలు, అదే మేలు కూడా. రోడమిన్ బి లాంటి కొన్ని రంగులు సిలికాన్‌లోకి ఇంకిపోయి మొత్తం వెలిగిపోతుంది. కోనసీమ వైపు తేమకు లెన్సుల మీద బూజు పట్టడం మామూలే. బూజు పట్టిన లెన్సుతో ఇమేజ్‌జే లెక్కపెట్టేది బ్యాక్టీరియానో బూజునో తెలియదు. సిలికా జెల్ డబ్బాలో దాచుకోండి.

క్యాథెటర్‌నే పరీక్షించాలనుకునేవాళ్లకు ఒక మాట. 16 ఫ్రెంచ్ (క్యాథెటర్ల సైజు కొలత) గొట్టం బయటి వ్యాసం 5.3 మి.మీ. దాన్ని నిలువునా చీల్చి చదును చేస్తే ఉపరితలం సాగుతుంది, అంచులు లేస్తాయి, సందు ఎత్తు ఎక్కడికక్కడ మారుతుంది. అదే పదార్థం చదును షీటు దొరికితే అది వాడండి. కానీ గొట్టంగా సాగదీసి తీసిన ఉపరితలం, అచ్చుపోసిన షీటు ఉపరితలం నునుపులో వేరువేరుగా ఉంటాయని రిపోర్టులో రాయండి. రోగి రక్తనాళం నుంచి తీసిన గొట్టం అయితే ఇది చోటు కాదు. అక్కడ 1977లో మాకి చెప్పిన పద్ధతే: 5 సెం.మీ. కొనను అగార్ మీద దొర్లించి, 15 గానీ అంతకు మించి గానీ కాలనీలు వచ్చాయా లేదా చూడడం. దొర్లిస్తే గొట్టం బయటి వైపు ఉన్నవే వస్తాయి. లోపలివి కావాలంటే వోర్టెక్స్ (గిర్రున తిప్పి కుదపడం), సోనికేషన్ చేయాలి.

శుభ్రమైన పీబీఎస్‌లో తీసిన పట్టు శరీరంలో పట్టు కాదు. గొట్టం ఒంట్లోకి వెళ్లిన నిమిషాల్లోనే దాని మీద రక్తంలోని, మూత్రంలోని ప్రొటీన్లు పొరలా పరుచుకుంటాయి. అల్బుమిన్ పొర ఉంటే చాలా బ్యాక్టీరియాలకు పట్టు తగ్గుతుంది. ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ ఉంటే స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు అవి చేతికందిన కొమ్మల్లాంటివి. అందుకే ఒక్కో ముక్కను ఉట్టిగా ఒకసారి, గంట సేపు ప్లాస్మాలోనో కృత్రిమ మూత్రంలోనో నానబెట్టి ఒకసారి నడపాలి. పూత ఉట్టి ముక్క మీద గెలిచి, నానిన ముక్క మీద ఓడిపోవడం తరచుగా జరిగేదే. రెండో ఫలితమే ఆసుపత్రికి కావాల్సింది.

ఎవరికి, ఎంత

5కి 3.5 ఇస్తున్నాం. సరైన గ్యాస్కెట్ పెట్టి ఇచ్చి ఉంటే 4.5 ఇచ్చేవాళ్లం. రోజుకు రెండు ముక్కల కంటే ఎక్కువ నడవవు, కాబట్టి ముప్పై పూతల్లోంచి నాలుగు ఏరడానికి ఇది కాదు. ఆ పని ప్లేటుతోనే చేసుకుని, మిగిలిన నాలుగింటిని దీని మీద పెట్టండి. నిలకడగా పెరిగిన మందపాటి పొర కావాలంటే సీడీసీ రియాక్టర్ (ద్రవం కలుపుతూ బిళ్లల మీద పొర పెంచే పాత్ర) మేలు. దాన్లో ఎనిమిది కడ్డీలు, కడ్డీకి మూడు చొప్పున 24 బిళ్లలు ఒకేసారి పెరుగుతాయి. కానీ దాని ప్రమాణ పద్ధతిలో చివర గీకి కాలనీలు లెక్కపెట్టడమే ఉంటుంది, పట్టు తెలియదు. అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు ఒక్కో కణాన్ని నిట్టనిలువుగా పీకి నానోన్యూటన్లలో చెబుతుంది. ఛాంబర్‌లో కణం పక్కకు జారి, దొర్లి ఊడుతుంది. కాబట్టి రెండింటి అంకెలు ఒకదానితో ఒకటి సరిపోలకపోతే ఏదో తప్పు జరిగిందని అనుకోకండి. భీమవరం వైపు ఆక్వా ల్యాబులు రొయ్యల ట్యాంకు లైనర్ మీద విబ్రియో పట్టు చూడాలనుకున్నా ఈ సెట్టు మార్పేమీ లేకుండా పనికొస్తుంది, బఫర్‌లో ఉప్పు మాత్రం చెరువు నీటికి తగ్గట్టు పెంచుకోవాలి.

కొనేటప్పుడు విడి భాగాల్లో కవర్‌స్లిప్‌లు ఒక పెట్టె అదనంగా, లూయర్ కనెక్టర్లు నాలుగు జతలు తీసుకోండి. మొదట పగిలేవి అవే. బయటికొచ్చే ద్రవం పడే సీసాలో ముందే హైపోక్లోరైట్ పోసి ఉంచండి. చివరికి అది కనీసం 1 శాతం ఉండాలి, లీటరు బఫర్ దాన్లో కలుస్తుందని లెక్కలో మరిచిపోవద్దు. పారబోసే ముందు అరగంట ఆగాలి. క్రిస్టల్ వయొలెట్ ప్లేటు నుంచి వచ్చిన ఎసిటిక్ యాసిడ్ వ్యర్థాన్ని మాత్రం ఆ సీసాలో పోయకండి, క్లోరిన్ వాయువు లేస్తుంది. దానికి వేరే సీసా, వేరే రంగు చీటీ.